ఒక్క ఫోటో పిచ్చికి లూప్ మందు

ఫోటోగ్రఫీ సరదాగా నేర్చుకునేవాళ్ళని ఎక్కువగా పాడుచేసేది కెమెరాల మోజు కాదు, ఫోన్లోని రెడీమేడ్ రంగులూ కాదు, "ఒక్క మంచి ఫోటో పడితే చాలు" అన్న ఆశ అని నా గట్టి అభిప్రాయం. రోజంతా తిరిగి కార్డు నిండా తీసి, ఇంటికొచ్చి అందులోంచి ఒక్కటి ఏరి, దానికి మెరుగులు దిద్ది నలుగురికీ చూపించి, మిగతావి మళ్ళీ జన్మలో తెరవకుండా హార్డ్ డిస్క్‌లో పడేయడం. ఇలా చెయ్యమని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పోటీలు ఒక్క ఫోటోనే అడుగుతాయి, గోడకెక్కేది ఒక్కటే, లైకులొచ్చేదీ ఆ ఒక్కదానికే. దానికి తోడు ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ పేరుతో ముడిపడిన "నిర్ణాయక క్షణం" అనే మాట ఒకటి ఉంది, దాన్ని సగం అర్థం చేసుకున్నవాళ్ళు అందరికీ బోధిస్తూ ఉంటారు. ఆ క్షణం కోసం కాపు కాయడమే ఫోటోగ్రఫీ అన్నట్టు.

నన్ను ఆ పిచ్చిలోంచి బయటికి లాగింది ఫోటోగ్రఫీ పాఠాలు కాదు, ఎలక్ట్రానిక్ మ్యూజిక్.

ఈ రెండూ నాకు ఒకేసారి అంటుకోలేదు. ముందు కెమెరా. రాత్రిళ్ళు ఫోటోలు ఎడిట్ చేసుకుంటున్నప్పుడు చెవిలో ఏదో ఒకటి మోగుతూ ఉండాలి కదా, పాటలు పెట్టుకుంటే సాహిత్యం మీదికి ధ్యాస పోయి పని ఆగిపోయేది, అందుకని మాటల్లేని టెక్నో, యాంబియెంట్ లాంటివి పెట్టుకోవడం మొదలైంది. వినడానికని కాదు, గదిలో నిశ్శబ్దం తెలియకుండా ఉండటానికి. కొన్నాళ్ళకి ఎడిటింగ్ ఆపేసి వింటూ కూర్చోవడం మొదలైంది. ఆరేడు నిమిషాల ట్రాక్‌లో నిజానికి జరిగేది చాలా తక్కువ. కిక్ అనే మందమైన డ్రమ్ నాలుగు దెబ్బలు, మళ్ళీ అవే నాలుగు, వాటి మీద రెండు మూడు లోతైన స్వరాల బేస్ గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఎప్పటికో ఒక హై-హ్యాట్, అంటే తాళాల్లాంటి సన్నటి చప్పుడు, వచ్చి చేరుతుంది. పైస్థాయి శబ్దాన్ని ఆపి ఉంచే ఫిల్టర్ కొద్దికొద్దిగా తెరుచుకుంటూ అదే బేస్ కాస్త పదునెక్కుతుంది. అంతే. కానీ ఆ హై-హ్యాట్ వచ్చిన చోట ఒళ్ళు జలదరిస్తుంది. అంత చిన్న మార్పు అంత పెద్దగా వినిపించిందంటే కారణం, దానికి ముందు చాలాసేపు ఏమీ మారకపోవడమే.

దీన్ని మొదటిసారి గమనించినప్పుడు నాకు వచ్చిన ఆలోచన సంగీతం గురించి కాదు. నేను తీసిన ఏ రెండు ఫోటోల మధ్యా ఇలాంటి సంబంధం లేదే అని.

వినడంతో ఆగితే బాగానే ఉండేది. ఆగలేదు, లాప్‌టాప్‌లో డ్రమ్ మెషీన్ సాఫ్ట్‌వేర్ చేరింది. ఇలాంటివాటిలో చాలా వాటికి మూలం 1980లో రోలాండ్ తెచ్చిన టీఆర్-808. వరసగా పదహారు బటన్లు, ఒక్కో బటన్ ఒక్కో అడుగు. ఏ అడుగు మీద దెబ్బ పడాలో నొక్కి వదిలేస్తే అది తిరుగుతూనే ఉంటుంది, దీన్నే లూప్ అంటారు. అది తిరుగుతుండగానే మీరు మార్పులు చేస్తారు. ఈ పద్ధతిలో వింత ఏంటంటే, మొదటి రెండు నిమిషాలు మీరు వాయించేవాళ్ళు, ఆ తర్వాత మీరూ వినేవాళ్ళే. మీరు పెట్టిందే మీకు కొత్తగా వినిపించడం మొదలవుతుంది. ఏడో అడుగు మీద ఉన్న దెబ్బ ఎక్కువైందని పది నిమిషాల తర్వాత తెలుస్తుంది. ముందే తెలియడానికి దారి లేదు.

ఇది నా భ్రమ కాదు, దీని మీద పరిశోధన ఉంది. సంగీతం మనసుకి ఎలా అందుతుందో పరిశోధించే డయానా డాయిచ్ 1995లో తన సొంత వ్యాఖ్యానం రికార్డింగ్‌ని సరిచేసుకుంటూ, అందులోని చిన్న ముక్కని లూప్‌లో పెట్టి ఉంచారు. కొన్నిసార్లు తిరిగాక ఆ మామూలు మాటలు పాటలా వినిపించసాగాయి. రికార్డింగ్‌లో ఏమీ మారలేదు. అదే గొంతు, అదే ముక్క. ఇంకా విచిత్రం, తర్వాత మొత్తం వాక్యాన్ని మొదటినుంచి విన్నా ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పాటే వినిపిస్తుంది. దీన్ని ఎవరైనా విని చూడొచ్చు, చాలామందికి పనిచేస్తుంది. దీనికి నాకు తోచే కారణం, మాట విన్నప్పుడు మనం అర్థాన్ని పట్టుకుని శబ్దాన్ని వదిలేస్తాం. అదే పదేపదే వస్తే అర్థం ఎప్పుడో అందేసింది కాబట్టి చెవికి ఇక శబ్దమే మిగులుతుంది.

కంటికీ ఇంతేనా అన్నది నా ప్రశ్న. దాన్ని తేల్చుకోవడానికి నేను ఎంచుకున్నది మా బిల్డింగ్ మెట్లు. అందులో అందం ఏమీ లేదు, అందుకే ఎంచుకున్నాను. మెట్ల మలుపు దగ్గర ఒక కిటికీ, దానికెదురుగా గోడ, కిందికి దిగే మెట్లు కొన్ని. నిలబడే చోటు ఒకటే, 35 మిల్లీమీటర్ల లెన్సు ఒకటే. అసలు విషయం ఇక్కడినుంచి. కెమెరాని ఆటోలో ఉంచితే ఈ ప్రయోగం పనికిరాదు. ఎందుకంటే కెమెరాలోని మీటరు తన ముందున్న దృశ్యాన్ని ఎప్పుడూ ఒక మధ్యస్థమైన వెలుతురుకి తీసుకురావాలని చూస్తుంది. మబ్బు పట్టిన సాయంత్రాన్ని వెలిగిస్తుంది, మిట్టమధ్యాహ్నాన్ని తగ్గిస్తుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ కూడా అంతే, ఎర్రటి వెలుగులో ఎరుపు తీసేస్తుంది, నీలం నీడలో నీలం తీసేస్తుంది. ఒక్క ఫోటో కావాల్సినవాళ్ళకి ఇది సాయం. లూప్ కావాల్సినవాళ్ళకి ఇది ప్రతి దెబ్బకీ టెంపో మార్చేసే డ్రమ్మర్. అందుకని లెన్సు ద్వారం ఎఫ్/5.6, షట్టర్ సెకనులో 60వ వంతు, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 400, వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్, అన్నీ బిగించేశాను. వాన పట్టిన రోజు ఫోటో దాదాపు నల్లగా వస్తుంది, రానీ. కిటికీ మీదికి నేరుగా ఎండ పడితే గోడ తెల్లగా కాలిపోతుంది, కాలనీ. ఆ తేడాలే నాకు కావాల్సిన సంగీతం.

మొదట్లో పరమ బోరు, అది దాచడం దేనికి. అవే మెట్లు. చూస్తే "మెట్లు" అని బుర్ర చెప్పేసి పక్కకి తప్పుకుంటుంది. చాలా పోగుపడ్డాక, అన్నిటినీ చిన్న చిన్నగా గడుల్లో పేర్చి స్క్రీన్ మీద చూసినప్పుడు మెట్లు కనిపించడం మానేశాయి. కనిపించింది ఒక వెలుగు ముక్క. అది గోడ మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి జారుతోంది, ఋతువు మారేకొద్దీ దాని వాలు మారుతోంది, ఒక్కోసారి కిటికీ ఊచల నీడలు చాకుతో గీసినట్టుంటే ఒక్కోసారి కరిగిపోతున్నాయి. ఒకదాంట్లో ఎవరో ఆరబెట్టిన గొడుగు ఉంది. ఆ ఒక్క గొడుగు ఆ మొత్తం గడుల మధ్య ఎంత చప్పుడు చేస్తోందో చెప్పలేను. విడిగా గొడుగు ఫోటో తీసి చూపిస్తే ఎవరూ రెండో క్షణం చూడరు.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. వాటిలో ఒకటి చాలా అందమైన ఫోటో ఉంది, సాయంత్రపు నారింజ వెలుగు మెట్ల అంచులన్నిటికీ గీత గీసినట్టు పడింది. పాత లెక్కలో అయితే అదొక్కటీ ఉంచి మిగతావి అవతల పారేసేవాణ్ణి. గడుల్లో పెడితే అది పక్కవాటిని చంపేస్తోంది. కన్ను ఎక్కడ మొదలుపెట్టినా దాని దగ్గరికే పరిగెత్తి అక్కడే ఆగిపోతోంది. ట్రాక్‌లోని శబ్దాలన్నిటినీ కలిపి సర్దే మిక్సింగ్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. సోలో బటన్ నొక్కి ఒక్క కిక్‌నే వింటూ దాన్ని అద్భుతంగా తీర్చిదిద్దుతారు, సోలో తీసెయ్యగానే బేస్ మొత్తం ఆ కిక్ కింద మునిగిపోతుంది. ఆ నారింజ ఫోటోని మ్యూట్ చేశాను. మిగతావి ఊపిరి పీల్చుకున్నాయి. అన్నిటికన్నా మంచి ఫోటోని తీసేస్తే మొత్తం పని బాగుపడటం అనేది "ఒక్క ఫోటో" సిద్ధాంతంలో ఎక్కడా ఇమడదు.

ఇదేదో నేను కనిపెట్టానని కాదు. జర్మనీలో బెర్న్ట్ బెకర్, హిల్లా బెకర్ అనే దంపతులు 1959 నుంచి కొన్ని దశాబ్దాల పాటు నీళ్ళ ట్యాంకులు, ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసులు, గ్యాస్ ట్యాంకులు, గనుల మీది ఇనుప గోపురాలు తీస్తూనే ఉన్నారు. ఎప్పుడూ మబ్బు పట్టిన చదునైన వెలుతురులోనే, ఎప్పుడూ సూటిగా ఎదురుగానే, తీసినవాటిని గడుల్లో పేర్చి చూపించేవారు. ఒక్క ట్యాంకు ఫోటో చూస్తే ప్రభుత్వ రికార్డు కోసం తీసినట్టుంటుంది. తొమ్మిదో పన్నెండో కలిపి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. 1990లో వెనిస్ బియెనాలే అనే కళా ప్రదర్శనలో వాళ్ళకి బహుమతి ఇచ్చింది శిల్పానికి, ఫోటోగ్రఫీకి కాదు. వాళ్ళున్న ఊరు డ్యూసెల్డార్ఫ్. అదే ఊళ్ళో 1970లో క్రాఫ్ట్‌వెర్క్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం మొదలైంది. ఒకే ఊరు, అవే సంవత్సరాలు, ఒకరు యంత్రాలని ఒకే కోణంలో మళ్ళీ మళ్ళీ ఫోటో తీస్తున్నారు, ఇంకొకరు యంత్రాలతో ఒకే లయని మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. ఒకరిని చూసి ఒకరు చేశారని నేననడం లేదు, కానీ నా బుర్రలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి, ఇక విడదీయలేను. బెర్న్ట్ బెకర్ దగ్గర చదువుకున్న ఆంద్రియాస్ గుర్‌స్కీ తర్వాత్తర్వాత టెక్నో రేవ్‌లలోని, అంటే రాత్రంతా సాగే డాన్సు పార్టీల్లోని, వేలమంది జనాన్ని గోడంత ఫోటోలుగా తీశాడంటే మరీ ఆశ్చర్యమేమీ కాదు.

ఇక్కడ నా స్నేహితులు రెండు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, తిప్పి తిప్పి అదే వింటే విసుగు కాదా, అదే చూస్తే విసుగు కాదా అని. ఈ మాట తెలుగువాళ్ళు అంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. త్యాగరాజ కీర్తన పల్లవి ఎలా పాడతారో వినండి. ఒకే పంక్తి. మొదట సాదాగా, తర్వాత అదే పంక్తి చిన్న వంపుతో, ఆ తర్వాత ఇంకో వంపు, సంగతి మీద సంగతి. మాట ఒక్కటీ మారదు. అయినా విసుగొచ్చిందని ఎవరూ లేచిపోరు, పైగా తర్వాత ఏ సంగతి పడుతుందో తెలిసినవాళ్ళు ముందే తల ఊపుతారు. నిజమే, అక్కడ మారుస్తున్నది మనిషి గొంతు, ఇక్కడ ఫిల్టర్ నాబ్. వినేవాడి చెవి చేసే పని మాత్రం రెండు చోట్లా ఒకటే అని నా వాదన. అన్నట్టు 1982లో చరణ్‌జిత్ సింగ్ ముంబైలో 808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ యంత్రం పెట్టుకుని, ఆగని ఎలక్ట్రానిక్ బీట్ మీద హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డ్ చేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది, ఎందుకంటే 303తో ఆ తరహా శబ్దానికి షికాగోవాళ్ళు యాసిడ్ హౌస్ అని పేరుపెట్టి ఒక ఊపు ఊపింది ఆయన తర్వాత కొన్నేళ్ళకి.

రెండో అభ్యంతరం, "అంతా యంత్రమే చేస్తుంటే అందులో నీదేముంది?" దీన్ని ఫోటోగ్రాఫర్లు అనడం మరీ అన్యాయం. ఫోటోగ్రఫీ పుట్టిన దగ్గర్నుంచి ఈ తిట్టు తింటూనే ఉంది. 1859లోనే ఫ్రెంచ్ కవి బోద్లేర్, ఇది చిత్రకారులు కాలేకపోయినవాళ్ళు తలదాచుకునే చోటని ఈసడించాడు. ఆ దెబ్బలన్నీ తిన్న జాతి ఇప్పుడు తిరిగి సింథసైజర్‌ని అదే మాట అనడమేంటి. అసలు ఈ రెండు యంత్రాలూ దూరపువి కూడా కావు. 1948లో ఫ్రెంచ్ సంగీతకారుడు పియెర్ షెఫెర్ రైళ్ళ చప్పుళ్ళు రికార్డ్ చేసి, వాటిని ముక్కలు చేసి, తిప్పి తిప్పి సంగీతంగా పేర్చినప్పుడు చేసింది ఫోటోగ్రాఫర్ పనే, బయట ఉన్నదాన్ని పట్టుకొచ్చి ఫ్రేము కట్టడం. బీబీసీ వాళ్ళ ఎలక్ట్రానిక్ శబ్దాల విభాగం రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌ని 1958లో మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన డాఫ్నీ ఓరమ్, అక్కణ్ణుంచి బయటికొచ్చి సొంతంగా తయారుచేసుకున్న యంత్రంలో ఏకంగా 35 మిల్లీమీటర్ల ఫిల్ము రీళ్ళే ఉంటాయి, ఫిల్ము మీద గీతలు గీస్తే వాటిగుండా వెళ్ళే వెలుతురు శబ్దంగా మారుతుంది. ఇటు చూస్తే 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా, వందకి వంద చుక్కల బొమ్మని దాచుకున్నది క్యాసెట్ టేపు మీద. ఒక్కో ఫోటో ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఒకరు ఫిల్ము నుంచి శబ్దం తీస్తే ఇంకొకరు ఫోటోని క్యాసెట్‌లోకి ఎక్కించారు. నాకు ఈ విషయం తెలిసిన రోజు పట్టరాని సంతోషమేసింది, ఎవరికి చెప్పినా వాళ్ళకి అంత వెయ్యలేదు.

లెక్కల్లో కూడా చుట్టరికం ఉంది. ఎఫ్/4 నుంచి ఎఫ్/2.8కి వస్తే లోపలికొచ్చే వెలుతురు రెట్టింపు, దాన్ని ఒక స్టాప్ అంటాం. 440 హెర్ట్జ్ నుంచి 880కి వెళితే కంపనాలు రెట్టింపు, దాన్ని ఒక అష్టకం అంటాం. కన్నూ చెవీ కూడికల్లో కాకుండా రెట్టింపుల్లో లెక్కపెడతాయి. ఆడియోలో ఒక బిట్ పెరిగితే సుమారు 6 డెసిబెళ్ళ చోటు దొరుకుతుంది, కెమెరా మార్పులు చెయ్యకుండా దాచే రా ఫైల్లో ఒక బిట్ పెరిగితే ఒక స్టాప్‌కి సరిపడా చోటు. ఆకాశం తెల్లగా కాలిపోవడం, రికార్డింగ్ క్లిప్ అయి పగలడం ఒకే జబ్బు, నిండాక పైన పోసింది పోయినట్టే. నాకు ఎక్స్‌పోజర్ సరిగ్గా అర్థమైంది వెలుగునీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ చూసి కాదు, క్లిప్ అయిన డ్రమ్ విని. చెవికి పగలడం వెంటనే తెలుస్తుంది, కన్ను సర్దుకుపోతుంది. ఇంకో ఆట కూడా ఉంది, నిమిషానికి 120 దెబ్బల టెంపోలో ఒక దెబ్బకి అర సెకను, అంటే నాలుగేసి దెబ్బల బార్లు నాలుగు సరిగ్గా 8 సెకన్లు. రాత్రి ట్రైపాడ్ మీద 8 సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి హెడ్‌ఫోన్స్‌లో లూప్ వదిలితే, షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ లూప్ ఒక చుట్టు తిరుగుతుంది. దీనివల్ల ఫోటో బాగుపడుతుందని చెప్పను. ఎదురుచూడటం మాత్రం కష్టంగా ఉండదు.

ఇదంతా విని, అయితే బర్స్ట్ మోడ్‌లో సెకనుకి ఇరవై ఫోటోలు తీస్తే లూప్ అయిపోతుందిగా అని ఒకాయన అడిగాడు. కాదు. బర్స్ట్ అంటే అదే ఒక్క ఫోటో కోసం వేసిన పెద్ద వల. ఇరవై తీసేది పంతొమ్మిది పారేయడానికే. లూప్‌లో పారేసే ఉద్దేశమే ఉండదు, వరసలో ప్రతిదానికీ తన అడుగు ఉంటుంది. అలాగని అన్నిటికీ ఇదే మంత్రం కాదు, పక్షి రెక్క విప్పిన క్షణం, పిల్లాడు మొదటి అడుగు వేసిన క్షణం ఒక్కసారే వస్తాయి, అక్కడ లూప్ అంటూ కూర్చుంటే తర్వాత ఏడవాల్సిందే. వార్తల ఫోటోలకీ అంతే. నా గొడవ వాటితో కాదు, చేతిలో బోలెడు సమయం ఉండి, ఎదురుగా రోజూ ఉండే వస్తువులే ఉండి కూడా ఆ పక్షి కోసమే కాచుకుని కూర్చునే నాలాంటి ఔత్సాహికులతో. మన బతుకులో ఎక్కువ భాగం పక్షులు రావు, మెట్లే ఉంటాయి.

లూప్‌లోనూ బద్ధకం ఉంటుంది, అది కూడా చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రెడీమేడ్ లూపుని లాగి పడేసి ఐదు నిమిషాలు సాగదీసిన ట్రాకులు కోకొల్లలు, అవి వింటే అభ్యంతరం చెప్పేవాళ్ళ వైపుకి నేనే వెళ్ళిపోవాలనిపిస్తుంది. తేడా ఎక్కడుందంటే, అక్కడ చేసినవాడు కూడా వినలేదు. 1965లో అమెరికన్ సంగీతకర్త స్టీవ్ రైష్ రెండు టేప్ రికార్డర్లలో ఒకే మాటల ముక్కని వదిలితే, వాటి వేగాల్లో ఉన్న అతి చిన్న తేడా వల్ల అవి మెల్లగా ఒకదాన్నుంచి ఒకటి జరిగిపోయాయి. రెండిటినీ ఒక పద్ధతిలో జతపరచాలని మొదలుపెట్టిన మనిషి, ఆ జరగడాన్ని సరిచెయ్యకుండా విన్నాడు, దానిచుట్టూ కొన్నేళ్ళ పని కట్టుకున్నాడు. మెట్ల ఫోటోల్లో కూడా నేను ఎంత బిగించినా చోటు కాస్త అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో అన్నీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చునేలా సర్దేవాణ్ణి. ఇప్పుడు సర్దడం లేదు.

మరి రెండూ ఇష్టమైతే ఫోటోలకి మ్యూజిక్ పెట్టి వీడియో చెయ్యొచ్చుగా అంటారు. చేసి చూశాను, నాకు నచ్చలేదు, మళ్ళీ చెయ్యను. బీట్ పడగానే ఫోటో మారుతుంటే కన్ను పనిచెయ్యడం మానేస్తుంది, ఎంతసేపు చూడాలో చెవే నిర్ణయించేస్తుంది. గడుల ముందు నిలబడినప్పుడు మూడోదాన్నుంచి తొమ్మిదోదానికి దూకి మళ్ళీ మూడోదానికి రావడం చూసేవాళ్ళ ఇష్టం, వీడియోలో ఆ వీలు పోతుంది. పైగా ఏ నాసిరకం ఫోటో అయినా మంచి బేస్ కింద పెడితే గొప్పగానే అనిపిస్తుంది, అందులో మోసం ఉంది. అందుకని మెట్లు ప్రింట్ల మీదే ఉంటాయి, ట్రాకులు హెడ్‌ఫోన్స్‌లోనే ఉంటాయి. ప్రస్తుతం తేలని లెక్క ఒకటే, గడులు మూడు వరసలా నాలుగు వరసలా అని. నాలుగైతే పదహారు అవుతాయి, డ్రమ్ మెషీన్‌కి సరిగ్గా సరిపోతుంది కదా అన్న ఆశ కొద్దీ నాలుగే బాగుందని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నానేమో అని అనుమానం. మూడో వరస దాటాక చూసేవాళ్ళు అలిసిపోతున్నారు, అది కళ్ళారా చూస్తున్నాను.